అడుగు తీసి అడుగు వేయాలంటే

నడిచేటప్పుడు చాలాసేపు మనం ఒంటికాలి మీదే ఉంటాం. మామూలు నడకలో రెండు పాదాలూ కలిసి నేల మీద ఆనేది దాదాపు ఐదో వంతు సమయమే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ పొద్దున పార్కులో నా చూపు మనుషుల కాళ్ల మీదికే పోతోంది.

కుడికాలు లేచిందంటే నడుము కుడివైపుకి ఒరిగిపోవాలి. ఒరగకుండా పట్టి ఉంచేది ఎడమ తుంటి పక్కనుండే కండరం. నడుము ఎముకకు కాస్త కిందుగా, పక్కన వేళ్లు ఆనించి నెమ్మదిగా నడిచి చూడండి. ఆ కాలి మీద బరువు పడ్డప్పుడల్లా అక్కడ బిగుసుకుంటుంది. పోలియోతో ఈ కండరం చచ్చుబడినవాళ్లు అడుగడుగునా ఆ పక్కకు ఒళ్లు వంచి నడవడం మన ఊళ్లలో పాత తరానికి బాగా తెలుసు.

పిక్క ఒంటిని ముందుకు నెట్టడమే కాదు, తూలిపోకుండా ఆపుతుంది కూడా. దానికి ఎదురుగా, మోకాలి కింద ముందువైపున్న కండరం కాలివేళ్లను పైకెత్తి ఉంచుతుంది. ముందుకు వచ్చే కాలి వేళ్లకీ నేలకీ ఒక దశలో ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే. ఆ కండరం నీరసిస్తే చాప అంచు చాలు, తట్టుకుని పడటానికి. పెద్దవాళ్లు "ఏమీ లేనిచోటే పడ్డాను" అంటారే, చాలాసార్లు జరిగేది ఇదే.

ఒళ్లు పక్కకు తూలితే తర్వాతి అడుగు అటే కాస్త ఎడంగా వేసి సర్దుకుంటాం. పొలం గట్టు మీద ఆ వీలు లేదు. నాట్ల రోజుల్లో నారుకట్టలు మోసే ఆడవాళ్లు తడిగట్టు మీద వేళ్లతో మట్టిని పట్టి, చీలమండను క్షణక్షణం అటూ ఇటూ సర్దుతూ వెళ్తారు. అంత చదును చేసిన పార్కు బాటలో ఆ కండరాలకు అంత పనెక్కడిది? గుండెకూ షుగరుకూ వాకింగ్ మంచిదే. తూలిపోకుండా నిలదొక్కుకోవడానికి అదొక్కటే చాలదని నా గట్టి నమ్మకం.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లను "ఎంతసేపు నడిచారు?" అని అడిగి ఊరుకోకండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, కాలు పక్కకు చాపడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం రోజూ చేయించండి. చేస్తున్నంతసేపూ పక్కనే ఉండండి. కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.