చిలుక జోస్యమును, టారో పేకయు

చిలుక పంజరముతో వచ్చినవాని యెదుట గూర్చుండి జోస్యము చెప్పించుకొనువారిని జూచి చదువుకొన్నవారు నవ్వుదురు. అట్లు నవ్వువారి యిండ్లలోనే నేడు టారో పేకలును, ఒరాకిల్ కార్డులును జేరుచున్నవి. నగరము మేడ్చల్ దాటి రావల్కోల్ వంటి గ్రామముల కడకు వ్యాపించుచున్నది. నగరపు అలవాట్లును దానివెంట వచ్చును. కావున వీనిని గూర్చి విచారించుట యుక్తము.

“భవిష్యత్తు నెరుగుటకు గాదు, మా మనస్సును మేము పరిశీలించుకొనుటకే” యని వీనిని వాడువారిలో బలువురు చెప్పుదురు. ఈ మాటను తేలికగా ద్రోసివేయరాదు.

టారో పేక 15వ శతాబ్దమున ఇటలీ దేశమున ఆటకై పుట్టినది. ముక్కలు 78. ఇది ప్రాచీన ఈజిప్టు పురోహితుల రహస్యగ్రంథమని 1781లో కూర్ ద జెబలెన్ అను ఫ్రెంచి పండితుడు వ్రాసెను. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ చదువగలిగినది 1822లో గదా! ఆ మాట కాధారము లేదు. నేడు మిక్కిలి ప్రసిద్ధమైన పేకను 1909లో లండనులో ఆర్థర్ వెయిట్ యోజింపగా, పామెలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి చిత్రించెను.

ఆమె చిత్రములు మెచ్చదగినవి. పూర్వపు పేకలలో బెక్కింట అయిదు పాత్రల ముక్కపై అయిదు పాత్రలే యుండెడివి. ఆమె గీసిన ముక్కలో నల్లని వస్త్రము గప్పుకొన్న యొకరు ఒలికిన మూడు పాత్రలను జూచుచు దలవంచి నిలిచియున్నారు. వెనుక రెండు పాత్రలు నిలిచియేయున్నవి. దుఃఖములో నున్న గృహిణి దానిని జూచి “నాకు మిగిలినదేమి?” యని తన్ను దాను ప్రశ్నించుకొన్నచో అందు మూఢత్వ మేమున్నది?

దోషము చిత్రమున లేదు. ప్రతి ముక్కకును అర్థము నిర్ణయించి చెప్పు పుస్తకమునందును, రుసుము గొని చెప్పువారియందును గలదు. 1948లో అమెరికాలో ఫోరర్ అను మనస్తత్త్వవేత్త 39 మంది విద్యార్థులకు, ఎవరి స్వభావమును వారికి వ్రాసియిచ్చినట్లు నమ్మించి, అందరికిని ఒక్క వర్ణననే యిచ్చెను. అందలి వాక్యములు చాలవరకు అంగట దొరకు జ్యోతిషపు పుస్తకములోనివి. అయినను వారు దానికి అయిదింట సగటున 4.26 మార్కులిచ్చిరి! అందరికి సరిపడు మాట తనకొక్కనికే చెప్పినట్లు తోచుట మానవ స్వభావము. “నీకు కష్టములున్నవి, త్వరలో దొలగును” అను చిలుకవాని మాట యెవరికి సరిపడదు? ఇంగ్లీషున అచ్చయినంత మాత్రమున అది శాస్త్రము కానేరదు.

కూతురిని పై చదువునకు బంపవలెనా, వచ్చిన సంబంధమునకు ఒప్పుకొనవలెనా యని తల్లి ముక్కలు పరచి చూచుకొన్నచో, ఆ కూతురినే యడుగవలసిన మాటను కాగితము నడిగినట్లగును. ఆత్మపరీక్ష పేరిట బాధ్యత తప్పించుకొనుట మాకు సమ్మతము గాదు.

కావున మా సోదరీమణులకు మనవి: పేక యింట నున్నచో పారవేయ బనిలేదు. అర్థముల పుస్తకమును మాత్రము ప్రక్కన బెట్టుడు. చిత్రమును జూచి మీకు దోచినది మీ మాటలలో వ్రాసికొనుడు. పిదప ఎవరి బ్రతుకు ఆ నిర్ణయమున ముడిపడియున్నదో వారితో గూర్చుండి మాటలాడుడు. నిర్ణయము మీరు చేయవలసినదే.