వంటింటి నవ్వుల పనితనం

నడివయసు తల్లులను నవ్వించే చిన్న వీడియోలకు ముడిసరుకు ఇంట్లోనే ఉంటుంది: మూత దొరకని టిఫిన్ డబ్బా, ఫోన్ నుంచి తల ఎత్తని కొడుకు, ఫ్యాన్ కింద కూర్చున్నా ముంచెత్తే మెనోపాజ్ ఆవిర్లు. 2020 జూన్‌లో దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించాక ఇలాంటి వీడియోలు చేసేవారిలో చాలామంది ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు, యూట్యూబ్ షార్ట్స్‌కు మారారు. ఒకే మనిషి తల్లి, కొడుకు వేషాలు రెండూ వేయడం ఇందులో తరచు కనిపించే పద్ధతి. తలమీద తువ్వాలు కప్పుకుంటే అమ్మ, తీస్తే కొడుకు. చూపు ఎటు తిప్పాలో, మాట ఎక్కడ తుంచాలో తెలియకపోతే అతుకు బయటపడుతుంది. తేలిగ్గా కనిపించే ఈ పని నిజానికి చాలా కష్టం.

పనితనం ఒక్కటే చాలదు, నిజాయితీ కూడా ఉండాలి; తెలుగులో అలాంటి నిజాయితీ నవ్వుకు గొప్ప ఉదాహరణ గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనులతో బతికిన ఆమె, నడివయసు దాటాక 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్‌తో పేరు తెచ్చుకున్నారు. 2020లో తెలుగు బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కూ వెళ్లారు. యాస దిద్దుకోలేదు, పడ్డ కష్టాలు దాచుకోలేదు, కసరాల్సిన చోట కసిరారు. చూసేవారికి ఆ నిజాయితీయే నచ్చుతుంది: పిల్లల పరీక్షలు, అత్తమామల మందుల నడుమ కాస్త తీరిక దొరికిన తల్లికి అద్దంలా సర్దిన ఇల్లు చూపించే వీడియో ఇంకో పని గుర్తుచేస్తుంది. గంగవ్వలాంటి వారి వీడియో అయితే 'అచ్చం మనింట్లోలాగే' అంటూ అక్కచెల్లెళ్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది.