రోగములకు అంకెలు: అంతర్జాతీయ వర్గీకరణ గుణదోషములు

ఒక దేశములో ఏటా ఎందరు మరణించుచున్నారో లెక్కించుట కొంత సులభము. ఎందువలన మరణించుచున్నారో లెక్కించుట కష్టము. మొదటి దానికి తలలు లెక్కించిన చాలును. రెండవ దానికి మరణకారణములకు నిర్ణీతమైన పేర్లు కావలెను. ఒక ఊరి వైద్యుడు ‘క్షయ’ అనియు, మరియొక ఊరి వైద్యుడు ‘ఊపిరితిత్తుల జబ్బు’ అనియు, మూడవ ఊరిలో ‘రక్తము కక్కుకొని చనిపోయెను’ అనియు వ్రాసినచో, ఒకే వ్యాధి వలన కలిగిన మూడు మరణములు మూడు పద్దులలో పడును. క్షయ లెక్క ఒకటిగానే మిగులును. ఈ చిక్కును తీర్చుటకు ఏర్పడినదే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించు ఈ గ్రంథము నేడు 11వ సవరణమునకు వచ్చినది. ఇంతటి ఆదరణ పొందిన గ్రంథమును మెచ్చుకొనుటతో ఊరకుండక, అది ఎంతవరకు పనికివచ్చునో పరిశీలించుట అవసరము.

దీని పుట్టుపూర్వోత్తరములు తెలియనిదే గుణదోషములు బోధపడవు. 1662లో జాన్ గ్రాంట్ అను వర్తకుడు లండన్ నగరపు మరణపట్టికలను పరిశీలించి ఒక గ్రంథము వెలువరించెను. ఆ పట్టికలలో ‘ముసలితనము’, ‘దుఃఖము’, ‘హఠాత్తుగా’, ‘పండ్లు, నులిపురుగులు’ అను పద్దులు కూడ ఉండెడివి. శవమును చూచి కారణము చెప్పెడివారు వైద్యులు కారు. ఆ పనికి నియమింపబడిన వృద్ధస్త్రీలు. అట్టి పట్టికలనుండియే గ్రాంట్, పుట్టిన శిశువులలో సుమారు 36 శాతము ఆరేండ్లు నిండకమునుపే చనిపోవుచున్నారని అంచనా కట్టగలిగెను. చెడ్డ పట్టిక కూడ బుద్ధిమంతుని చేతిలో కొంత ఉపయోగపడును. అయినను చెడ్డ పట్టిక చెడ్డదే.

1853లో బ్రస్సెల్సులో జరిగిన మొదటి అంతర్జాతీయ గణాంక మహాసభ, అన్ని దేశములకు పనికివచ్చు పట్టికను తయారుచేయుడని ఇంగ్లండునకు చెందిన విలియం ఫార్‌ను, జెనీవాకు చెందిన మార్క్ దెస్పీన్‌ను కోరినది. ఇద్దరును రెండు వేరు పట్టికలు తెచ్చిరి. దెస్పీన్ రోగస్వభావమును బట్టి విభజించెను. ఫార్ అంటువ్యాధులను, శరీరమంతటికి సంబంధించిన వ్యాధులను, ఒక్కొక్క అవయవమునకు వచ్చు వ్యాధులను, ఎదుగుదలకు సంబంధించిన వానిని, దెబ్బల వలన కలుగు మరణములను విడదీసెను. మహాసభ 1855లో రెండింటిని కలిపి 139 పద్దులతో రాజీపట్టిక ఒకటి ఆమోదించినది. 1893లో పారిస్ నగర గణాంకాధికారి జాక్ బెర్తియోఁ సిద్ధపరచిన పట్టికలో ఫార్ పద్ధతియే నిలిచినది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6వ సవరణమును చేపట్టినప్పుడు, మరణకారణములతోపాటు ప్రాణము తీయని వ్యాధులు కూడ ఇందు చేరినవి.

ఈ వర్గీకరణమునకు గల మొదటి గుణము, అది భాషకు అతీతమగుట. 10వ సవరణములో ‘ఎ00’ అన్నచో కలరా. దానిని తెలుగువాడు చదివినను, జపాను దేశీయుడు చదివినను అర్థము ఒక్కటే. రెండవ గుణము ఇంతకంటె గొప్పది. అది ‘మూలకారణము’ అను సూత్రము. మరణమునకు దారితీసిన సంఘటనల గొలుసులో మొదటి లంకె యేదో దానినే లెక్కలోనికి తీసుకొనవలెను. రాత్రి నేలపై నిద్రించుచున్న కూలివానిని కట్లపాము కరచినదనుకొందము. విషము నరములపై పనిచేసి కండరములు చచ్చుబడును; పిమ్మట శ్వాస ఆగును. ధ్రువపత్రములో వైద్యుడు పై వరుసలో శ్వాస ఆగుటను, దాని క్రింద పక్షవాతమును, అన్నిటికంటె క్రింద పాముకాటును వ్రాయవలెను. అప్పుడు ఆ మరణము ‘ఎక్స్20’ అను పద్దులో, అనగా విషసర్పముల పద్దులో చేరును. నివారింపదగినది గొలుసు మొదటనే యున్నది గనుక ఈ సూత్రము మిక్కిలి సమంజసమైనది.

దోషములు కూడ ఇక్కడనే బయటపడును. వైద్యుడు ‘శ్వాస ఆగినది’ అని మాత్రమే వ్రాసి ఊరకున్నచో, గ్రంథములో దానికిని ‘ఆర్09.2’ అను సంఖ్య సిద్ధముగా ఉన్నది. గుండె ఆగుటకు ‘ఐ46’, వార్ధక్యమునకు ‘ఆర్54’ ఉన్నవి. చనిపోయిన ప్రతివాని గుండెయు ఆగును గదా! ఇట్టి పద్దులవలన ఏమియు తెలియదు. కాని సంఖ్య పడినది గనుక తెలిసినట్లు కనిపించును. గ్రాంటు కాలపు ‘హఠాత్తుగా’ అను పద్దునకు కొత్త బట్టలు తొడిగినట్లయినది. పాము మాత్రము లెక్కలనుండి తప్పించుకొనిపోయినది.

ఇది ఊహ కాదు. భారతదేశములో మరణించినవారి ఇండ్లకు పోయి, బంధువులను ప్రశ్నించి కారణము నిర్ణయించిన ఒక బృహత్పరిశీలన ఫలితములు 2011లో వెలువడినవి. వాని ప్రకారము 2005లో పాముకాటు మరణములు సుమారు 46,000. ఆసుపత్రుల లెక్కలలో కనిపించుచుండినది ఇందులో స్వల్పభాగము మాత్రమే. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 5,000కు పైగా మరణించిరి. ఏ ఆరోగ్యకేంద్రమునకు ఎంత విషవిరుగుడు మందు పంపవలెనో నిర్ణయించు అధికారి కాగితములపై ఉన్న సంఖ్యనే చూచును. సంఖ్య తగ్గినచోట మందును తగ్గును.

రెండవ దోషము సవరణములవలన కలుగునది. అమెరికా 1999లో 9వ సవరణమునుండి 10వ దానికి మారినది. ఒకే ధ్రువపత్రములను రెండు విధములుగను లెక్కించి చూడగా, ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా మరణములు కొత్త పద్ధతిలో సుమారు 30 శాతము తగ్గినవి. ఒక్క రోగియైనను అదనముగా బ్రతుకలేదు. మారినవి నియమములు మాత్రమే. ఈ సంగతి ఎరుగక రెండు దశాబ్దముల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి గీత గీచినవాడు, లేని విజయమును చాటును.

వర్గీకరణము ప్రకృతినియమము కాదు, మానవుల తీర్పు అని కూడ మరువరాదు. 9వ సవరణములో స్వలింగాభిరతి మానసిక రోగముల జాబితాలో ఉండెను. 1990లో ఆమోదింపబడిన 10వ సవరణములో దానిని తొలగించిరి. తప్పు దిద్దుకొనగలుగుట ఈ గ్రంథమునకు ఒక గుణమే. 2019లో ఆమోదము పొంది, 2022 జనవరి 1న అమలునకు వచ్చిన 11వ సవరణములో సుమారు 17,000 పద్దులున్నవి. ఒక సంఖ్యకు మరియొక సంఖ్యను జోడించి వివరమును పెంచు ఏర్పాటును ఉన్నది.

కాని పద్దులు పెరిగినంత మాత్రమున జ్ఞానము పెరుగదు. అంత్యకాలమున చికిత్స చేసిన వైద్యుడు కారణమును ఉచితముగా వ్రాసియిచ్చుటకు మన 1969 జనన మరణ నమోదు చట్టములోనే ఏర్పాటున్నది. అయినను 2020లో నమోదైన మరణములలో వైద్యుని కారణపత్రము గలవి 22.5 శాతమే. తక్కినవానికి పెట్టుటకు 17,000 సంఖ్యలున్నను ప్రయోజనమేమి? పది కొలపాత్రలు కొన్నంతమాత్రమున గాదె నిండదు.

కావున అంతర్జాతీయ వర్గీకరణమును స్వీకరించుట సరియైన పనియే; దానిని మించిన సాధనము వేరొకటి లేదు. అయితే గ్రంథమును తెప్పించుట, యంత్రములలో సంఖ్యలను ఎక్కించుట స్వీకారములో చివరి మెట్టులు. మొదటి మెట్టు వైద్యవిద్యార్థికి ధ్రువపత్రము వ్రాయుట నేర్పుట, ఇంటిలో జరిగిన మరణమునకు కారణమును విచారించు మనిషిని ప్రతి పల్లెకు పంపుట. ధ్రువపత్రపు చివరి వరుసలో ‘కట్లపాము కాటు’ అని ఎవరో ఒకరు వ్రాసిననే గాని, జెనీవాలో కూర్చిన ఏ సంఖ్యయు ఆ కూలివాని మరణమును లెక్కింపజాలదు.