టైమౌట్ అడగాల్సింది ఎవరు?

2024 నవంబర్ 28, గురువారం డెట్రాయిట్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగిసిన తీరు నాకింకా మింగుడు పడటం లేదు. షికాగో బేర్స్ మూడే పాయింట్లు వెనకబడి ఉంది. బంతి డెట్రాయిట్ లయన్స్ వైపు 41 గజాల గీత దగ్గర ఉంది. అప్పుడే మన మొదటి ఏడాది క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ని కింద పడేశారు. ఇంకా అర నిమిషం ఉంది, ఒక టైమౌట్ కూడా మిగిలే ఉంది. ఎవరూ అడగలేదు. జట్టు హడావిడిగా వరసలో నిలబడేసరికి సమయం కరిగిపోయింది. ఆరు సెకన్లుండగా బంతి కదిలింది, రోమ్ ఒడుంజే కోసం విసిరిన పొడవాటి పాస్ నేలపాలైంది. 23-20. వరసగా ఆరో ఓటమి. మర్నాడే కోచ్ మాట్ ఎబర్‌ఫ్లూస్‌ని ఇంటికి పంపేశారు. బేర్స్ చరిత్రలో సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని తీసేయడం అదే మొదటిసారి.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గోడు తెలిసిందే. కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని మొదటి ఏడాదే బరిలోకి తోయకూడదు. పక్కనున్న గ్రీన్ బే జట్టు ఆరన్ రోడ్జర్స్‌ని మూడేళ్లు, జోర్డన్ లవ్‌ని మూడేళ్లు కూర్చోబెట్టి నేర్పింది. మన బేర్స్ వాళ్లు 2017లో ట్రుబిస్కీని, 2021లో ఫీల్డ్స్‌ని వచ్చిన ఏడాదే దింపారు. తర్వాత ఇద్దరూ వేరే జట్లకి వెళ్లిపోయారు. ఒక్క సీజన్‌లో 4,000 గజాలు పాస్ చేసిన క్వార్టర్‌బ్యాక్ 2024 వరకూ బేర్స్‌కి లేడు. 1995లో ఎరిక్ క్రేమర్ విసిరిన 3,838 గజాలే అప్పటికి రికార్డు.

షికాగో దగ్గరి నేపర్‌విల్‌కి వచ్చిన కొత్తలో నాకు ఈ ఆట చూడటం నేర్పింది పక్కింటి పెద్దాయన. ఆయన బేస్‌మెంట్‌లో గోడ నిండా 1985 నాటి బేర్స్ జట్టు ఫొటోలుండేవి. నేను క్రికెట్ అలవాటు కొద్దీ బంతి వెంటే కళ్లు పరిగెత్తించేవాణ్ని. ఆయన రికార్డింగ్ ఆపి, వెనక్కి తిప్పి, తెర మీద వేలు పెట్టేవాడు. "బంతిని వదిలెయ్. ముందు ఆ లావుపాటి ఐదుగురినీ చూడు. తర్వాత వీడి పాదాలు చూడు." క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని వెనక్కి అడుగులేస్తాడు. చివరి అడుగు నేలకు ఆనగానే బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి, లేదా ఒక్క చిన్న గెంతు వేసి పాస్ అందుకునే రెండోవాణ్ని వెతుక్కోవాలి. ఆ గెంతు రెండైతే, మూడైతే, ఆ తర్వాత పడే దెబ్బకి ఆ ఐదుగురి లైన్‌ని తిట్టి లాభం లేదనేవాడు. ఒకే ఆటని ఆపి ఆపి పదిసార్లు చూపించేవాడు. ఆయన పోయాక ఆ ఇంట్లోకి వేరేవాళ్లొచ్చారు. నేను మాత్రం ఇప్పటికీ పాదాలే చూస్తాను.

అదే నవంబర్ 10న న్యూ ఇంగ్లండ్ జట్టు మన కేలెబ్‌ని తొమ్మిది సార్లు పడగొట్టింది. డెట్రాయిట్ ఓటమి తర్వాత ఆ ఆట మళ్లీ పెట్టుకుని చూశాను. చాలాసార్లు లైన్ నిలువునా కూలింది. కొన్నిసార్లు మాత్రం మూడో గెంతు కూడా దాటినా బంతి ఇంకా రెండు చేతుల్లోనే ఉంది. డెట్రాయిట్‌లో మొదటి సగం 16-0తో వెనకబడే గడిచింది. రెండో సగంలో ఆ పాదాలే మారిపోయాయి. అడుగు ఆనడం, బంతి వెళ్లడం. మూడు టచ్‌డౌన్ పాస్‌లు.

అందుకే ఈసారి పాత గోడు వెళ్లబోసుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. కూర్చోబెట్టి ఉంటే ఈ రెండో సగం ఎక్కడ నేర్చుకునేవాడు? ఊరంతా కోచ్‌నే తిట్టింది, తిట్టాల్సిందే. కానీ టైమౌట్ అడిగే హక్కు మైదానంలో ఉన్న ఆటగాడికీ ఉంది. ఇరవై మూడేళ్ల వాడు, డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైనవాడు, పదహారు పాయింట్ల లోటుని మూడుకి తెచ్చినవాడు, రిఫరీ వైపు తిరిగి చేతులు కలిపి చూపిస్తే సరిపోయేది. పసివాడని వెనకేసుకొస్తే అతన్ని చిన్నబుచ్చినట్టే.

ఆ తర్వాతి ఆట శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో. అప్పటి తాత్కాలిక కోచ్ థామస్ బ్రౌన్‌ని నేను కోరింది ఒకటే. ఆఖరి రెండు నిమిషాల్లో గడియారం ఎప్పుడు ఆపాలో కేలెబ్‌నే తేల్చుకోమని ముందే చెప్పి పంపమని. ఆ నిర్ణయం తప్పై ఆట పోయినా సరే, ఏడో ఓటమిని భరించడానికి నేను సిద్ధపడ్డాను.