రక్షణకు నిజమైన పరీక్ష ఏది?

హిందూపురము వర్తకుడొకడు నిండు బుటాల పట్టుచీరను, పెనుకొండ వర్తకుడొకడు బుటా లేని చీరను ధర్మవరములోని ఒక నేతగానికి నేయ నిచ్చిరనుకొందము. నేతగాడు తలుపు మూసికొని నేయును. చీర ఎవరి కంటను పడదు. కాని బుటా వచ్చినచోట చేయి నెమ్మదించును, మగ్గపు చప్పుడు మారును. వీధి అరుగుపై కూర్చున్నవాడు ఆ లయను బట్టి లోపల నేయుచున్నది ఏ చీరయో చెప్పగలడు. తలుపు గట్టిదే, రహస్యము చప్పుడు వెంట వెలుపలికి పోయినది.

కంప్యూటరు ప్రాసెసరులలో ఇట్టి దారులున్నవని పరిశోధకులు చాలకాలముగ ఎరుగుదురు. 2018 జనవరిలో ‘స్పెక్టర్’, ‘మెల్ట్‌డౌన్’ అను లోపములు వెల్లడియైన పిదప లోకమెల్ల ఎరిగినది. ప్రాసెసరు కాలము వృథా కాకుండ, రాబోవు పనిని ఊహించి ముందుగనే చేయును. ఊహ తప్పినచో ఫలితమును త్రోసివేయును. కాని ఆ పనికై తెచ్చిన సమాచారపు జాడ ‘క్యాష్’ అను వేగవంతమైన చిన్న నిల్వలో మిగిలిపోవును. క్యాష్‌లో నున్నది కొన్ని నానోసెకనులలో అందును. లేనిదానిని ప్రధాన జ్ఞాపకమునుండి తెచ్చుటకు సుమారు 100 నానోసెకనులు పట్టవచ్చును. ఈ కాలభేదమే ఇచ్చటి మగ్గపు చప్పుడు.

దీనికి విరుగుడుగా 2018లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు ‘ఇన్విజిస్పెక్’ అను పద్ధతిని ప్రతిపాదించిరి. ఊహ సరియైనదని తేలువరకు, తెచ్చిన సమాచారమును క్యాష్‌లో చేర్చక వేరొకచోట ఉంచుట దీని సారము. ఆలోచన ప్రశంసనీయమే. అయితే, ఊహతో చేసిన పని తనకు ముందున్న నికరమైన పనిని ఆలస్యపరచగలదనియు, దాని వలన క్యాష్‌లో జాడ మిగులగలదనియు 2021లో మరికొందరు చూపిరి. తలుపు సందు మూసిరి, కిటికీ మరచిరి.

పొరపాటు ఎక్కడ? తెలిసిన దాడి ఆగినంత మాత్రమున రక్షణ పరీక్ష నెగ్గినదనుకొనుటలో నున్నది. నిజమైన పరీక్ష వేరు: రెండు చీరలను నేయించి, వెలుపలివానికి భేదము తెలియునేమో చూడవలెను. 2025లో ప్రకటితమైన ‘ఆమ్యులెట్’ అను సాధనము చేయునది ఇదియే. అది యాదృచ్ఛికముగ పుట్టించిన ప్రోగ్రాములను, రహస్యము మాత్రమే వేరైన జంట దత్తాంశములతో, ప్రాసెసరును పోలి నడచు సాఫ్ట్‌వేరు నమూనాపై నడిపి జాడలను పోల్చును. ఇన్విజిస్పెక్‌తో కలిపి 4 రక్షణలలో లోపములను పట్టినది. చిప్పు తయారు కాకముందే, దిద్దుకొనుట సులభముగ నున్నపుడే, లోపము తెలియుట దీని మేలు.

దీనికిని హద్దు కలదు. చప్పుడునకు చెవియొగ్గినవాడు దీపపు వెలుగును గమనింపడు. ఏ జాడను పోల్చుమంటిమో ఈ పరీక్ష దానినే పోల్చును. కనుక ‘లోపము కనబడలేదు’ అను మాట విన్నపుడు, ‘ఎక్కడ వెదకిరి?’ అని విద్యార్థి అడుగవలెను.