ఎడారిలో బెంగ ఎవరిది? – ‘జార్‌హెడ్’ మీద కొన్ని ప్రశ్నలు

యుద్ధం మీద మనం చదువుకున్న పాఠాలన్నీ చంపినోడి గురించో, చచ్చినోడి గురించో ఉంటాయి. యుద్ధం ఎప్పుడొస్తుందో తెలియక నెలల తరబడి ఇసుకలో కూర్చున్నోడి గురించి ఉండవు. ఆంథనీ స్వాఫర్డ్ రాసిన ‘జార్‌హెడ్’ అట్లా కూర్చున్నోడి పుస్తకం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక అమెరికా సౌదీ ఎడారికి పంపిన మెరైన్లలో అతనొక స్నైపర్. 2003లో తన జ్ఞాపకాలు అచ్చు వేశాడు. 2005లో శామ్ మెండిస్ దాన్ని సినిమా తీశాడు. 1991 జనవరి 17న విమానదాడి మొదలైంది. నేల మీది యుద్ధం ఫిబ్రవరి 24న మొదలై 28కల్లా ముగిసింది. అన్ని నెలలు ఎదురుచూసిన స్నైపర్ ఒక్కణ్ణి కూడా కాల్చకుండానే ఇంటికెళ్లాడు.

ఈ రచన నిజాయితీని తక్కువ చేయాల్సిన పని లేదు. దేశభక్తి కబుర్లు ఇందులో లేవు. నీళ్లు తాగడం, తుపాకీ తుడవడం, ఎండలో విషవాయువు తొడుగులేసుకుని విలేకర్ల ముందు బంతాట ఆడటం, తేళ్లకు పందెం కట్టడం, ఇంటి దగ్గరున్న ఆడమనిషి ఎవరితో తిరుగుతుందోనని కుమిలిపోవడం, ఇవే ఎడారిలో రోజులు. మోసం చేశారనుకున్న ఆడవాళ్ల ఫొటోల్ని సినిమాలో ఒక చెక్కకు అంటించి పెడతారు. బెంగ మగ అహంకారంగా ఎట్లా కుళ్లుతుందో ఇంత సూటిగా చూపిన యుద్ధ సినిమాలు తక్కువే.

మరి మన ప్రశ్న ఏమిటి? ఎడారిలో రోజు గడవాలంటే ఎవరో ఒకరు పొయ్యి వెలిగించాలి, ఎవరో ఒకరు పాయిఖానా శుభ్రం చెయ్యాలి. సైనికుడి బెంగ ఈ రెండు పనుల మీద నిలబడి ఉంటుంది. ఆ పనులు ఎవరివి?

సినిమాలో ఒక దృశ్యం ఉంది. క్రిస్మస్ రాత్రి కాపలా వదిలేసి తాగినందుకు, ఆ వేళ మంటలు లేచినందుకు స్వాఫర్డ్‌కు శిక్ష పడుతుంది. పాయిఖానాల కిందున్న సగానికి కోసిన పీపాల్ని బయటికి లాగి, డీజిల్ పోసి, కర్రతో కలుపుతూ పీతిని తగలబెట్టాలి. చూసేవాళ్లకు వాంతి రావాలి, ఆ కుర్రాడి మీద జాలి కలగాలి. కలుగుతుంది కూడా. ఎందుకంటే అది శిక్ష. శిక్షకు నేరం ఉంటుంది, గడువు ఉంటుంది. స్నానం చేస్తే వాసన పోతుంది. మళ్లీ అతను స్నైపరే.

మన దేశంలో ఈ పనికి నేరం అక్కర్లేదు, పుట్టుక చాలు. గడువు లేదు, తల్లి నుంచి కూతురికి వస్తుంది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, అది చాలక 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ దృశ్యం చూసి ముక్కు మూసుకున్న మన మధ్యతరగతి ప్రేక్షకుడు, తన వీధిలో మ్యాన్‌హోల్లో దిగే మనిషిని చూసి ఏం మూసుకుంటాడు? సైనికుడికి అవమానం అనిపించింది ఇంకొకరికి ‘వృత్తి’ ఎట్లా అయింది? దర్శకుడు ఈ ప్రశ్న వెయ్యలేదు, అతనికి తెలియకపోవచ్చు. కానీ ఇక్కడ కూర్చుని చూసే మనం వెయ్యకపోతే ఎట్లా?

ఇంకో మనిషిని చూడండి. నల్లజాతి సార్జెంట్ సైక్స్. తగలబడుతున్న నూనె బావుల ముందు నిలబడి తన ఉద్యోగం అంటే తనకెంత ఇష్టమో చెప్తాడు. ఇంటి మీద బెంగ లేనోడు అతనొక్కడే. కొందరు విమర్శకులకు ఇది సైనిక పిచ్చిగా కనిపించొచ్చు. అమెరికా జనాభాలో నల్లవాళ్ల వాటా కంటే సైన్యంలో వాళ్ల వాటా ఆనాడు ఎక్కువ. బయట దొరకని హోదా యూనిఫాంలో దొరికినోడికి ఇంటికెళ్లడం అంటే హోదా ఊడటమే. ఇది మనకు కొత్త కాదు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సుబేదారు. అంబేడ్కర్ 1891లో పుట్టింది మహూ కంటోన్మెంట్‌లో. అప్పటి మహార్లకు పటాలం అంటే జీతం, పింఛను, చదువు. ఊరు అంటే వెట్టి. ఆ తర్వాత బ్రిటిషోళ్లు మహార్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసినప్పుడు పోయింది కొలువొక్కటే కాదు. ‘ఊరి మీద బెంగ’ అని అందరికీ ఒకే మాట వాడేస్తాం గదా, ఊరి బయట వాడలో పుట్టినోడు దేని మీద బెంగ పెట్టుకోవాలి? అమ్మ మీద పెట్టుకుంటాడు, వాడ మీద పెట్టుకుంటాడు. చెప్పులు విప్పి నడవమన్న వీధి మీద ఎందుకు పెట్టుకుంటాడు?

2003లో అమెరికా మళ్లీ ఇరాక్ మీదికి పోయింది. ఈసారి వంట, ఉతుకుడు, పాయిఖానాల పని చాలావరకు కాంట్రాక్టు కంపెనీల చేతికి పోయింది. 2008 నాటికి ఇరాక్‌లో కాంట్రాక్టు మనుషులు దాదాపు సైనికులంత మంది. లెక్కల్లో వాళ్లకు మూడు గడులు: అమెరికన్లు, స్థానికులు, మూడో దేశస్తులు. నేపాలీ, భారతీయుడు, బంగ్లాదేశీ, ఫిలిప్పీనీ అందరూ ఆ మూడో గడిలోనే. కులానికి గడి లేదు. 2004 ఆగస్టులో ఇరాక్‌లో 12 మంది నేపాలీ కూలీల్ని బందీలుగా పట్టుకుని చంపేశారు. వాళ్లు జోర్డాన్‌లో ఉద్యోగాలని నమ్మి బయల్దేరినోళ్లు. కూలీల పాస్‌పోర్టులు గుంజుకున్న కంపెనీలు తిరిగివ్వాలని 2006లో అమెరికా సైన్యమే ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. సైనికుడికి తిరిగిపోయే తేదీ ఉంటుంది. పాస్‌పోర్టు ఇంకొకడి పెట్టెలో ఉన్నోడికి ఏ తేదీ ఉంటుంది?

1990లో అమెరికా జనం ‘ఏ సైనికుడికైనా’ అని చిరునామా రాసి ఎడారికి ఉత్తరాలు పంపారు. పేరు తెలియని సైనికుడికి కూడా పలకరింపు అందింది. ‘ఏ వంటవాడికైనా’ అని ఎవరూ రాయలేదు. బెంగ అందరికీ ఉంటుంది. అది సాహిత్యం కావాలంటే అక్షరం కావాలి, తీరిక కావాలి, అచ్చేసేవాడు కావాలి, అవతల చదివేవాడు కావాలి. ఇవన్నీ ఉన్నోడి బెంగే ‘మానవ వేదన’ అయి కూర్చుంది. ఇది స్వాఫర్డ్ తప్పు కాదు. అతను తన బతుకు రాసుకున్నాడు. తప్పు, ఆ ఒక్క బతుకునే ఎడారి మొత్తం అనుకునే మన చదువుది.

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్ పోయొచ్చిన మనిషి లేని ఊరు వెతకాలి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో తెలంగాణ తన వలస చరిత్ర చెప్పుకుంది. ఆ మూడు మాటల వెనకున్నోళ్లను విద్యార్థులు కూర్చోబెట్టి అడగాలి. క్యాంపులో ఏం తిన్నరు, ఎవరు వండిండ్రు, ఎవరు కడిగిండ్రు, ఇల్లు ఎప్పుడు యాదికొచ్చింది, ఏ ఇల్లు యాదికొచ్చింది? వాళ్లు చెప్పినట్టే, వాళ్ల భాషలోనే రాయాలి. క్లాసులో ‘జార్‌హెడ్’ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు దాని పక్కన ఆ కాయితాలు కూడా పెట్టాలి.