విమాన సిబ్బందికి సగములు పనికిరావు

నూజివీడు ప్రాంతమున మామిడి కోతల దినములలో ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటలనుండి కాయ ఎత్తవలసియున్నదనుకొనుడు. ఒక లారీ దినమునకు రెండు చోట్లకే పోగలదు. కనీసము ఎన్ని లారీలు కావలెను? ఏకఘాత ప్రణాళిక, అనగా లీనియర్ ప్రోగ్రామింగు, ఇచ్చు జవాబు ఒకటిన్నర! మూడు జతల ఊళ్లకును ఒక్కొక్క జతకు అర లారీ చొప్పున పంపినచో, ప్రతి ఊరికిని రెండు సగములు కలిసి ఒకటి అగును. లెక్కలో దోషము లేదు. అర లారీ మాత్రము దొరకదు. సగములను ఒకటిగా సవరించినచో మూడు లారీలు తేలును. నిజమునకు రెండే చాలును.

లారీకి బదులు విమాన సిబ్బందిని, ఊరికి బదులు యాత్రను ఉంచినచో సైనికాధికారుల చిక్కు ఇదియే. 1947లో జార్జి డాంట్జిగ్ సింప్లెక్సు పద్ధతిని రూపొందించినది అమెరికా వైమానిక దళపు ప్రణాళికల కొరకే. (ప్రోగ్రామింగు అను మాటకు ఆనాడు కంప్యూటరుతో పనిలేదు, సైనికుల భాషలో ప్రోగ్రామనగా ప్రణాళిక.) 1984లో నరేంద్ర కర్మార్కర్ వేరొక పద్ధతి కనుగొనెను. దాని ఆధారముగా ఏ.టి.అండ్.టి. సంస్థ 'కోర్బెక్స్' అను యంత్రవ్యవస్థను 89 లక్షల డాలర్ల ధరకు 1988లో అమ్మకమునకు పెట్టినది. అమెరికా సైనిక రవాణా విమాన విభాగము దానిని వాడినది. ఆ విభాగపు సమస్యలపై దాని పనితీరును పరీక్షించిన వ్యాసము 1990లో వెలువడినది.

ఈ ఘనతను వర్ణించు పాఠములు వేగమునే పొగడును. అది చాలదు. ఎంత వేగముగా చేసినను పై లెక్కకు ఒకటిన్నరయే వచ్చును. పూర్ణాంకములకై 1958లో గొమొరీ, 1960లో లాండ్, డోయిగ్ చూపిన మార్గములు వేరు. యాత్రలు పెరిగినకొలది సాధ్యమగు జతకూర్పులు లెక్కకు మిక్కిలియగును గనుక అవి శ్రమతో కూడినవి. పాఠ్యపుస్తకములు గీతపటముపై ఒక మూల బిందువును చూపి ఊరకుండుట విద్యార్థికి అన్యాయమే.

ఇంతకంటె పెద్ద లోపము అలసటను గూర్చినది. ఏకఘాతమనగా పది గంటల పని ఐదు గంటల పనికి సరిగా రెట్టింపు. పైలటు అలసట అట్లు పెరగదు. రాత్రి రెండు గంటలకు విమానము నడుపు గంటయు, పగటి గంటయు ఒకటి కావు. గంటలకు పరిమితి విధించి ఈ తేడాను కొంత సర్దవచ్చును. కాని లక్ష్య ప్రమేయములో ఖర్చు మాత్రమే ఉన్నచో, ఆ పరిమితికి లోబడిన రెండు పట్టికలలో సిబ్బందిని ఎక్కువ అలయించునదియే చౌకయైనచో, యంత్రము దానినే ఉత్తమమని చెప్పును. పట్టికపై సంతకము చేయు అధికారి ఆ ప్రమేయమున ఏమేమి చేర్చిరో అడిగి తెలిసికొనవలసియున్నది.